ఆదినారాయణ చెవి

చెవి పోయిందని ఒక మనిషికి చెప్పాలంటే డాక్టరు కూడా ఒకటికి రెండుసార్లు పరీక్ష చేసి, గొంతు తగ్గించి చెబుతాడు. ప్రొద్దుటూరు శ్రావణ్‌కు అంత ఓపిక లేకపోయింది. చేతిలో ల్యాప్‌టాప్ ఉంది, అందులో శబ్దాన్ని కొలిచిన గీత ఉంది, ఎదురుగా అరవై ఎనిమిదేళ్ల రైతు ఉన్నాడు. ఇంకేం కావాలి? అనేశాడు. అన్నంత తేలిగ్గా మర్చిపోయాడు కూడా. ఆ మాట తిరిగి అతని దగ్గరికి రావడానికి ఐదు నెలలు పట్టింది.

శ్రావణ్ వాళ్లది ప్రొద్దుటూరులో తాతల నాటి బట్టల వ్యాపారం. అది నాన్నకూ అన్నకూ వదిలేసి, అతను హోమ్ థియేటర్ల దుకాణం పెట్టుకున్నాడు. స్పీకర్లు బిగించేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. శ్రావణ్ పేరు మోసింది గదిని సరిచేయడంలో. గదిని సరిచేయడమంటే గోడలు పగలగొట్టడం కాదు లెండి. మన వైపు ఇళ్లలో కింద నాపరాళ్లు, చుట్టూ నున్నటి గోడలు. శబ్దం వాటికి తగిలి ఎగిరెగిరి పడి, పాటలో లేని మోతంతా తెచ్చిపెడుతుంది. అందుకని మనిషి కూర్చునే చోట ఒక మైకు నిలబెట్టి, స్పీకర్ల నుంచి 'కూ...య్' అని ఒక మోత మోగించి, గది ఏ శబ్దాన్ని పెంచుతోందో, దేన్ని మింగేస్తోందో కొలవాలి. ఆ కొలత ప్రకారం యాంప్లిఫయర్ పెరిగినదాన్ని తగ్గిస్తుంది, తగ్గినదాన్ని పెంచుతుంది. ఈ పనికి యాంప్లిఫయర్ డబ్బాలోనే ఒక మైకు ఇస్తారు, సీసా మూతంత ఉంటుంది. శ్రావణ్‌కు అదంటే మహా చులకన. అతని దగ్గర వేరే మైకు ఉంది. జానెడు పొడవు, పెన్ను మందం, దానికంటూ ఒక నంబరు, ఆ మైకు ఎక్కడ ఎంత తేడాగా వింటుందో రాసిన లెక్కల ఫైలు. దాన్ని మెత్తటి పెట్టెలో పడుకోబెట్టి తెస్తాడు. ఏటా దసరాకు దానికీ పూజ చేస్తాడు.

పోయిన ఏడాది, దసరా వెళ్లిన నెలకు, పులివెందుల పక్కన చీనీతోటలో ఉండే ఆదినారాయణ ఇంటికి వెళ్లాడు. చీనీకాయలకు, అదే బత్తాయిలకు, మంచి ధర పలికిన ఏడు అది. ఆయనకు జన్మకంతా ఒకటే సోకు, పాత పాటలు. భార్య వనజమ్మ "ఈ వయసులో ఏం పొయ్యేకాలం" అని గొణుగుతూనే ముందుగదిలో పెట్టెలకు చోటు చేసింది.

ఆదినారాయణ చెవి సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఎవరి బోరులోంచి మోటరు పైకి తీసినా ఆయన్ను పిలుచుకుపోయేవాళ్లు. బోరు మూతి దగ్గర గొంతుక్కూర్చుని, ఒక చిన్న రాయి వదిలి, కళ్లు మూసుకుని వినేవాడు. 'బుడుంగ్' అన్నాక లేచి పంచె దులుపుకుని "నూటా అరవై అడుగుల కాడ ఉండాయి నీళ్లు. ఇంకో మూడు పైపులు దించుకో" అని వెళ్లిపోయేవాడు. తాడు పెట్టి కొలిచినవాళ్లు ఉన్నారు. ఎప్పుడైనా తేడా వస్తే ఒకటి రెండు అడుగులు. ఇక మోటరు నడుస్తుంటే పైపుకు చెవి ఆనించి, నీళ్లు తోడుతోందో గాలి తాగుతోందో చెప్పేవాడు.

అలాంటి మనిషి ముందు శ్రావణ్ తన విద్య చూపించాలనుకున్నాడు. మొదట డబ్బాలోని చిన్న మైకుతో యాంప్లిఫయర్ తన మానాన తాను గదిని కొలుచుకుంది. పాట పెడితే ఆదినారాయణ కళ్లు చెమర్చాయి.

"శానా బాగుండాదప్పా. పాడేవాళ్లు ఈడ్నే, ఈ గోడ కాడ నిలబడినట్టుండాది."

"అప్పుడే ఏమైంది మామా! అసలు పని ఇప్పుడు సూడు" అని శ్రావణ్ తన మైకు తీశాడు.

రెండు మైకుల గీతలూ ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టి చూశాడు. డప్పుల్లాంటి మోటు శబ్దాల దగ్గర రెండూ ఒకటే మాట చెప్పాయి. గజ్జెల్లాంటి సన్న శబ్దాల దగ్గరికొచ్చేసరికి చిన్న మైకు "అంతా బాగుంది" అంది. పెద్ద మైకు "లేదు, ఇక్కడ శబ్దం సగం పడిపోయింది" అంది. శ్రావణ్ ఒక్క క్షణం ఆగాడు. నిజానికి ఆగాల్సింది అక్కడే. కానీ ఊరికే వచ్చిన మైకు మాట నమ్మి, తాను ముచ్చటపడి కొన్న మైకును అనుమానిస్తాడా? పెద్ద మైకు చెప్పినట్టే సన్న శబ్దాలు పెంచేసి, మళ్లీ అదే పాట పెట్టాడు.

ఆదినారాయణ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "ముందరిదే మేలప్పా. ఇప్పుడేందో సూదులు గుచ్చినట్టుండాది. గజ్జెలు మోగితే చెవిలోకి ముల్లు దిగుతాంది."

శ్రావణ్ మళ్లీ కొలిచాడు. దేనితో? అదే మైకుతో. గీత తిన్నగా వచ్చింది. ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. "సూడు మామా, నూలు పట్టినట్టుండాది."

"గీత బాగనే ఉండాది. పాటే బాగలేదు."

మూడోసారి కొలిచాడు, మూడోసారి అదే జవాబు. మధ్యాహ్నం నుంచి కడుపులో కూడు లేదు, ప్రొద్దుటూరు వెళ్లి ఇంకొకరి ఇంట్లో పని చూడాలి. ఈయనేమో ముల్లూ సూదీ అంటాడు! శ్రావణ్‌కు చిరాకు నెత్తికెక్కింది. నవ్వు ముఖంతోనే అనేశాడు. "ఏమనుకోవద్దు మామా. వయసు మీద పడితే చెవి నరాలు ఇట్లనే చేస్తాయి. సన్నంగా ఈలేసినట్టు, గుచ్చినట్టు ఇనపడతాది. అది స్పీకర్లో లేదు, నీ చెవిలో ఉండాది. యంత్రం అబద్ధం చెప్పదు గదా."

ఆదినారాయణ చేయి దానంతటదే చెవి మీదికి వెళ్లింది. కాసేపు ల్యాప్‌టాప్‌లో గీతను చూశాడు. "అంతే అంటావా?" అన్నాడు.

"అంతే మామా."

ఆ తర్వాత మాఘమాసంలో శ్రావణ్ పని మీద వేంపల్లెకు వెళితే, టీ బంకు దగ్గర ఎవరో అన్నారు, ఆదినారాయణ ఎవరి బోరు దగ్గరికీ రావడం లేదని. "నా చెవి పోయిందప్పా, తాడు పెట్టి కొల్చుకోండి" అని పంపేస్తున్నాడట. శ్రావణ్ "వయసు కదా" అని తలూపి టీ తాగాడు. అంతకుమించి ఒక్క ముక్క తట్టలేదు ఆ పెద్దమనిషికి.

ఏప్రిల్‌లో ఒక సోమవారం జమ్మలమడుగు వెళ్లాడు. అక్కడ వసీం అని అతని స్నేహితుడు, టీవీలూ యాంప్లిఫయర్లూ బాగుచేస్తాడు. వసీం కూడా కొత్తగా అదే కంపెనీ మైకు, అదే రకం కొన్నాడు. ఇద్దరూ సరదాగా రెండింటినీ ఒకే స్టాండుకు కట్టి, ఒకే స్పీకరు ముందు పెట్టి కొలిచారు. సన్న శబ్దాల దగ్గర శ్రావణ్ మైకు గీత కిందికి జారిపోయింది. ఫైళ్లు సరిచూశారు, వైర్లు మార్చారు. మళ్లీ అక్కడే జారింది. శ్రావణ్‌కు ఆ వంపును ఎక్కడో చూసినట్టనిపించింది. పాత కొలతలు తెరిచాడు. పులివెందుల ముందుగదిలోనూ అదే వంపు, ఆ తర్వాత కొలిచిన రెండిళ్లలోనూ అదే వంపు. ఈ గదితో కలిపి నాలుగు గదులు ఒకే తప్పు చేయవు కదా.

వసీం మైకును చేతిలోకి తీసుకుని, మూతి మీద సెల్‌ఫోన్ లైటు వేసి, కళ్లు చికిలించి చూశాడు.

"అరె భాయ్, ఇదేంది పచ్చగా? లోపల జల్లెడంతా పూడ్కపోయుండాది."

శ్రావణ్ కూడా చూశాడు. గంధం! ఆయుధపూజ రోజు దుకాణంలో డ్రిల్లుకూ కటింగ్ ప్లేయర్‌కూ గంధం బొట్లు పెడుతూ వచ్చిన భార్య తనూజ, మైకు దగ్గర ఆగి "దీనికి యాడ పెట్టాల?" అని అడిగింది. "ముఖానికి పెట్టు. మనకు కూడు పెట్టేది అదే" అన్నది ఎవరు? తనే. ఆమె నిండుగా గంధం అద్ది, మీద కుంకుమ పెట్టింది. మర్నాడు పైపైన గుడ్డతో తుడిచిందీ తనే. లోపలికి దిగినది దిగినట్టే ఎండి కూర్చుంది. చెవిలో గంధం కూరుకున్న మైకుకు సన్న శబ్దాలు ఎలా వినపడతాయి? దానికి వినపడక, గదిలో లేవంది. లేవు కదా అని తాను పెంచాడు. తప్పు చేసిన మైకునే మళ్లీ సాక్షిగా పిలిచి, వినగలిగిన మనిషికి చెవి పోయిందన్నాడు.

"మైకుకు బొట్టు పెట్టేటోన్ని నిన్నే సూస్తి!" అని వసీం పొట్ట పట్టుకుని నవ్వాడు. శ్రావణ్ కూడా నవ్వబోయాడు కానీ రాలేదు. ఆదినారాయణ చెవి మీద చేయి వేసుకుని "అంతే అంటావా" అన్నది కళ్ల ముందు నిలబడింది.

ఆ సాయంత్రమే ఫోను చేసి ఉండాలి. చేతిలో ఫోను, ఫోనులో నంబరు. ఏమని చెప్పాలి? 'మామా, నీ చెవి బాగుంది, నా మైకుకే బొట్టు ఎక్కువైంది' అనా? ఊరంతా నవ్వుతారు. ఫోనులో చెప్పేదానికంటే స్వయంగా వెళ్లి చెప్పడమే మర్యాద అనుకున్నాడు. మంగళవారం దుకాణానికి సరుకు వచ్చింది. బుధవారం బంధువుల ఇంట్లో ఏదో ఉంది. గురువారం ఏమీ లేదు, అయినా వెళ్లలేదు. మిగతా రెండిళ్లకూ శుక్రవారం వెళ్లి, "కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది" అని చెప్పి, వాళ్ల డబ్బాలోని చిన్న మైకుతోనే సరిచేసి వచ్చాడు. వాళ్లతో ఇబ్బంది లేదు, వాళ్లకు చెవి పోయిందని తానేమీ చెప్పలేదు. పులివెందుల అనుకుంటేనే కాళ్లు రాలేదు. తనూజ పెట్టిన అన్నం సయించలేదు. ఆమె "ఏమైంది?" అంటే "ఎండలు" అన్నాడు. అలా పది రోజులు గడిపాడు మహానుభావుడు.

పదో రోజు, గురువారం పొద్దున, వసీం మైకు అడిగి తీసుకుని పులివెందుల బయలుదేరాడు. దారంతా మాటలు కూర్చుకున్నాడు. చివరికి ఒక ఉపాయం తోచింది. ఏమీ చెప్పకుండా సరిచేసేస్తే? పాట బాగుంటుంది, ఆయన సంతోషిస్తాడు, చెవి బాగుందని ఆయనకే తెలిసిపోతుంది. పని అయిపోతుంది, పరువూ ఉంటుంది. ముద్దనూరు దాటేసరికి ఆ ఉపాయం అతనికి ధర్మంగా కూడా కనిపించసాగింది.

తోటలోకి దిగగానే తేడా తెలిసింది. చీనీచెట్ల ఆకులు ముడుచుకుని ఉన్నాయి. కింద గోళీలంత పిందెలు రాలి పరుచుకున్నాయి. ఇంటి వెనక బోరు మీద పైపులు లాగే ఇనుప కాళ్లు నిలబెట్టి ఉన్నాయి, పైకి తీసిన పైపులు నేల మీద వరుసగా ఉన్నాయి. వనజమ్మ వాకిట్లోనే ఎదురైంది.

"మోటరు కాలిపాయ నాయనా. పోయిన శనివారం. లోపల వైరు మళ్లా చుట్టించడానికి మెకానిక్‌కు ఇచ్చినాం, రేపిస్తాడంట. ఈలోపల కాపు సగం నేలపాలాయ."

"ఎట్ల కాలిందమ్మా?"

"నీళ్లు కిందికి పోయినాయి, ఉత్తగా తిరిగి కాలింది. మీ మామ పొద్దున పైపుకు చెవి పెట్టి, 'సన్నంగా ఈలేస్తాంది వనజా' అన్యాడు. ఆపుదామా అంటి. 'మోటరు కాదులే, నా చెవిలో మోత. ఆ శ్రావణ్ చెప్పినాడు గదా' అన్యాడు. మధ్యాన్నానికి పొగ వచ్చె."

ఆమె అతన్ని తప్పుపట్టి అనలేదు. విషయం తెలిసినవాడి మాటను తలచుకున్నట్టే చెప్పింది. తర్వాత లోపలికి తిరిగి, తోట చివరికి వినపడేట్టు అరిచింది. "శ్రావణ్ వచ్చినాడూ! ఇనపడతాందా?"

"ఇనపడతాంది" అని లోపలి నుంచి నెమ్మదిగా వచ్చింది జవాబు.

ఆదినారాయణ ముందుగదిలో ఉన్నాడు. స్పీకర్ల మీద తువ్వాలు కప్పి ఉంది. "రాప్పా. యాలొస్తివి ఇంత ఎండలో?"

"ఊరికే మామా. సర్వీసు." అంతకంటే రాలేదు నోట్లోంచి.

తువ్వాలు తీసి, వసీం మైకు నిలబెట్టి కొలిచాడు. పెంచిందంతా తీసేశాడు. వైరు రెండుసార్లు చేజారింది. ఆ రోజు పెట్టిన పాటే పెట్టాడు. గజ్జెలు మెత్తగా, గుండ్రంగా మోగాయి. ఆదినారాయణ కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయ్యేదాకా శ్రావణ్ ఆయన ముఖాన్నే చూశాడు.

"ఎట్లుండాది మామా?"

"గుచ్చుకోవడంల్యా."

శ్రావణ్ ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆదినారాయణ ముఖం వెలగలేదు. గడప దగ్గర నిలబడ్డ భార్య వైపు తిరిగాడు. "ఇంకంతే వనజా. మొన్నటిదాకా గుచ్చుకోనన్నా గుచ్చుకుంటాండె. ఇప్పుడు ఆ సన్న మోత కూడా ఇనపడల్యా. మొత్తానికే పోయినట్టుండాది."

వనజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రావణ్ తెచ్చుకున్న ఉపాయం ఆ ఒక్క మాటతో బొక్కబోర్లా పడింది. సరిచేయడానికి వచ్చి, మిగిలిన కాస్త నమ్మకాన్నీ తుడిచేశాడు. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే తనలాంటి నీచుడు ఉండడని అతనికే తెలిసిపోయింది.

"నీ చెవి పోలేదు మామా." లేచి నిలబడ్డాడు. "ఏమీ కాలేదు దానికి. తప్పు నాది. నా మైకు చెడిపోయుండాది. దసరాకు దాని మూతికి గంధం పెట్టిస్తి, అది లోపల ఎండిపాయ. దానికి ఇనపడక నేను మోత ఎక్కువ పెట్టినా. నువ్వు గుచ్చుకుంటాంది అన్న్యావే, అది నిజంగానే గుచ్చుకుండె. నువ్వు చెప్పిందంతా నిజం. నేను చెప్పిందే అబద్ధం."

ఆదినారాయణ అతని వైపు తిరిగాడు.

"నీకు ఎప్పుడు తెల్సె?"

'నిన్న' అనొచ్చు. జమ్మలమడుగు వసీం ఇక్కడికి వచ్చి చెప్పబోడు, ఎవరికీ తెలియదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. బయట రాలిన పిందెలు గుర్తొచ్చాయి.

"పోయిన వారం, సోమారం."

"సోమారం." ఆదినారాయణ ఆ మాటను రెండోసారి మెల్లగా అన్నాడు. "మోటరు కాలింది శనివారం. నడమ నాలుగు దినాలుండాయి. ఫోను లేదా నీకాడ?"

"ఉండాది మామా."

"నా నంబరు?"

"ఉండాది."

తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద ఒకటి ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేది. ఆయన ఏమీ చేయలేదు. శ్రావణ్ తలెత్తలేక, "మోటరు కర్సంతా నేను..." అని నీళ్లు నమిలాడు.

"దుడ్ల మాట ఎత్తొద్దు" అని ఆదినారాయణ లేచాడు. చెప్పులు వేసుకుని ఇంటి వెనక్కి నడిచాడు. ఏం చేయాలో తెలియక శ్రావణ్ వెంట వెళ్లాడు. వనజమ్మ కూడా వచ్చి దూరంగా నిలబడింది.

బోరు మూతి మీద కప్పిన గోనెపట్టా తీసి, ఆదినారాయణ గొంతుక్కూర్చున్నాడు. నేల మీద వెతికి చీనీగింజంత రాయి ఏరుకున్నాడు. ఐదు నెలలైంది ఆ పని చేసి. కళ్లు మూసుకుని వదిలాడు. శ్రావణ్ కూడా చెవులు రిక్కించాడు కానీ, అతనికి ఎక్కడో ఏదో తగిలినట్టు మాత్రమే వినిపించింది.

"నూటా ఎనభై" అన్నాడు ఆదినారాయణ.

శ్రావణ్ గుండె తేలికైంది. ఇక లేచి పంచె దులుపుకుని వెళ్లిపోతాడని ఎదురుచూశాడు. ఆయన లేవలేదు. బోరు అంచు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఆడ తాడుండాది. కట్టి కొల్చు."

"నువ్వు చెప్పినంక కొలిచేదేముండాది మామా?"

"కొల్చు."

శ్రావణ్ తాడుకు రాయి కట్టి దించాడు. రాయి నీళ్లలో మునిగి తాడు కాస్త తేలికయ్యాక, బోరు అంచు దగ్గర ముడివేసి పైకి లాగాడు. సంచిలోంచి టేపు తీశాడు. స్పీకరు నుంచి కుర్చీకి దూరం కొలుచుకునే టేపు అది. ఎండలో నేల మీద మోకాళ్ల మీద పాకుతూ, ముడి నుంచి తడి మొదలైన చోటు దాకా కొలిచాడు. లేచేసరికి అతని ముఖం వెలిగిపోయింది.

"నూటా ఎనభై ఒకటి! ఒక్క అడుగే మామా తేడా! చెప్తి గదా, నీ చెవి బంగారం."

వనజమ్మ అక్కడి నుంచే, అలవాటైన అరుపుతో, "సరిగ్గా చెప్పినావంటా! ఇనపడతాందా?" అంది.

ఆదినారాయణ ఆమె వైపు చూడలేదు, శ్రావణ్ వైపూ చూడలేదు. తడి తాడును వేళ్లతో ఒత్తి చూసుకుంటున్నాడు.

"ఇంకోసారి కొల్చప్పా" అన్నాడు.

శ్రావణ్ మళ్లీ తాడు దించాడు.